ఇంట్లో సరౌండ్ సౌండ్: లెక్క సోఫా దగ్గర మొదలవుతుంది

2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు మించిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 55, 65 అంగుళాల టీవీ కొనాలని వాయిదా వేస్తూ వచ్చిన ఇళ్లకు అది కలిసొచ్చింది. తెర పెరిగింది గానీ దానితోపాటు శబ్దం పెరగలేదు. లోతైన శబ్దం రావాలంటే స్పీకర్ కోను చాలా గాలిని కదిలించాలి. అందుకు కోను పెద్దదై ఉండాలి, దాని వెనక పెట్టె ఉండాలి. రెండు వేళ్ల మందం టీవీలో ఈ రెండింటికీ చోటు లేదు. అందుకే పెద్ద టీవీ వచ్చిన ఇంట్లో కొన్నాళ్లకు స్పీకర్ల మాట మొదలవుతుంది. షాపులో అడిగితే 5.1, 7.1, 5.1.2, 7.1.4 అని అంకెలు చెబుతారు. వాటి మీద అట్మాస్, డీటీఎస్, ఈఆర్క్ అని పేర్లు. ఎంత పెద్ద అంకె అయితే అంత మంచిదన్న అభిప్రాయం ఇక్కడే పుడుతుంది. అదే సెట్టు ఒక ఇంట్లో ఒళ్లు పులకరించేలా, పక్క ఫ్లాట్‌లో గందరగోళంగా ఎందుకు వినిపిస్తుందో ఆ అంకెలు చెప్పవు. గది కొలతలు, మనం కూర్చునే చోటు చెబుతాయి.

5.1, 7.1.4: ఏ అంకె దేన్ని లెక్కపెడుతుంది

5.1లో 5 అంటే కూర్చున్నవారి చెవుల ఎత్తులో ఉండే స్పీకర్లు: ముందు ఎడమ, కుడి, వాటి మధ్య సెంటర్, అటూ ఇటూ కాస్త వెనగ్గా రెండు సరౌండ్లు. చుక్క తర్వాతి 1 సబ్‌వూఫర్, అంటే లోతైన శబ్దం కోసమే ఉండే పెట్టె. 7.1లో వీపు వెనక ఇంకో రెండు చేరతాయి. మూడో అంకె ఉంటే అది తల పైనుంచి వినిపించే స్పీకర్ల సంఖ్య. 7.1.4 అంటే చెవుల ఎత్తులో ఏడు, సబ్‌వూఫర్ ఒకటి, పైన నాలుగు.

వీటిలో చాలామంది తేలిగ్గా తీసుకునేది సెంటర్ స్పీకర్‌ని. సినిమాలో మాటలు ఎక్కువ భాగం దానిలోంచే వస్తాయి. అది లేకపోయినా, ఎడమ కుడి స్పీకర్లకు సరిగ్గా మధ్యలో కూర్చున్నవారికి మాట తెర మధ్యనుంచే వస్తున్నట్టు అనిపిస్తుంది. సోఫా చివర కూర్చున్నవారికి అలా కాదు. శబ్దం ఏ వైపునుంచి ముందు చెవిని చేరితే మెదడు ఆ వైపే దాని చోటని తేల్చుకుంటుంది. దాంతో మాట మొత్తం దగ్గరి స్పీకర్‌లోకి జరిగిపోతుంది. నలుగురు కలిసి చూసే ఇంట్లో సెంటర్ స్పీకర్ విలువ అదీ. డైలాగులు అర్థం కావడం లేదన్న ఇళ్లలో అది టీవీ స్టాండు అరలో లోపలికి తోసి ఉండటమో, చెవులకు కాక మోకాళ్లకు గురిపెట్టి ఉండటమో తరచూ కనిపిస్తుంది.

సబ్‌వూఫర్‌వి రెండు పనులు. మొదటిది, మిక్స్‌లో దానికోసమే ఉంచిన ఎల్ఎఫ్ఈ అనే ఛానెల్‌ని వినిపించడం. పేలుళ్లు, ఉరుములు, 120 హెర్ట్జ్ లోపలి శబ్దాలు అందులో ఉంటాయి (హెర్ట్జ్ ఎంత తక్కువైతే శబ్దం అంత లోతు). మిగతా ఛానెళ్ల కన్నా 10 డెసిబెల్స్ ఎక్కువ మోగేలా దాన్ని రూపొందించారు. రెండోది, మిగతా స్పీకర్లు మోయలేని బేస్‌ని వాటి బదులు మోయడం. మామూలుగా 80 హెర్ట్జ్ దిగువన ఉన్నదాన్ని, శబ్దాన్ని స్పీకర్లకు పంచి నడిపే ఏవీ రిసీవర్ అనే యంత్రం సబ్‌వూఫర్‌కు మళ్లిస్తుంది. ఆ దిగువ శబ్దం ఎటునుంచి వస్తోందో మన చెవి సరిగా పట్టలేదు కాబట్టి పెట్టె ఏ వైపున ఉందో తెలియదు. దాని చోటును బట్టి బేస్ ఎంత వినిపిస్తుందన్నది వేరే సంగతి, అది ముందు వస్తుంది.

నిలువెత్తు టవర్ స్పీకర్లా, చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లా అన్న పాత తగవు మూలం ఇక్కడే ఉంది. 80 హెర్ట్జ్ కింద అంతా సబ్‌వూఫరే చూసుకుంటే టవర్‌లోని పెద్ద పెట్టెకు పెద్దగా పని ఉండదు, ఆ డబ్బు సబ్‌వూఫర్‌కు పెట్టడం మేలన్నది ఒక వాదన. సబ్‌వూఫర్ లేకుండా రెండు స్పీకర్లలో పాటలు వినేవారికి, పెద్ద హాలులో గట్టిగా వినేవారికి టవరే హాయిగా ఉంటుందన్నది రెండోది. సినిమాలే ముఖ్యమైన మామూలు గదికి మొదటిదే సరిపోతుందని నా అభిప్రాయం. పాటలు ప్రాణమైన ఇంటికి రెండోదాన్ని కాదనలేం.

అట్మాస్‌తో మారినది ఏమిటి

డాల్బీ డిజిటల్ 1992లో, డీటీఎస్ 1993లో థియేటర్లకు వచ్చాయి. రెండూ ఛానెళ్ల పద్ధతే: ఈ శబ్దం ఎడమ సరౌండ్‌లో మోగాలి అని మిక్స్ చేసేటప్పుడే తేలిపోతుంది. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ ఆ వరస మార్చింది. హెలికాప్టర్ శబ్దాన్ని ఒక స్పీకర్‌కు అప్పగించే బదులు, ఈ క్షణంలో అది గదిలో ఏ మూల, ఎంత ఎత్తున ఉండాలో రాసి పెడతారు. దీన్నే ఆబ్జెక్ట్ అంటారు. థియేటర్‌లో ఇలా 128 దాకా ట్రాకులు, 64 దాకా స్పీకర్ లైన్లు వాడవచ్చు. ఆ హెలికాప్టర్‌ని ఏ స్పీకర్లలో ఎంతెంత మోగించాలో ఆ గదిలో ఉన్న యంత్రం అప్పటికప్పుడు లెక్క కడుతుంది. 2014 నుంచి ఇళ్లకూ ఈ పద్ధతి వచ్చింది.

అంటే అట్మాస్ సినిమా 7.1.4లోనూ మోగుతుంది, రెండు స్పీకర్ల సౌండ్‌బార్‌లోనూ మోగుతుంది. డబ్బా మీద అట్మాస్ అని ఉంటే ఆ సంకేతాన్ని అది చదవగలదని అర్థం. తల పైనుంచి వాన కురిసినట్టు వినిపిస్తుందన్న హామీ అందులో లేదు.

ఇంకో తేడా శబ్దం వచ్చే దారిలో ఉంది. ఓటీటీల్లో అట్మాస్ ఎక్కువగా డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కుదించిన రూపంలో వస్తుంది. బ్లూరే డిస్కులో ట్రూహెచ్‌డీ రూపంలో, ఏదీ పోకుండా ఉంటుంది. కుదించినది టీవీ నుంచి మామూలు ఆర్క్ (టీవీ శబ్దాన్ని రిసీవర్‌కు పంపే ఏర్పాటు) హెచ్‌డీఎంఐ తీగలో కూడా వెళ్తుంది. ట్రూహెచ్‌డీకి దాని మెరుగైన రూపమైన ఈఆర్క్ కావాలి, లేదా ప్లేయర్‌నే నేరుగా రిసీవర్‌కు కలపాలి. పాత ఆప్టికల్ తీగలో పట్టేది మామూలు 5.1 వరకే, అట్మాస్ పట్టదు.

ఒక గది తీసుకుని కొలిచి చూస్తే

14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది అనుకుందాం. ఒక బెడ్‌రూమ్‌ని సినిమా గదిగా మార్చుకున్నారు. టీవీ 12 అడుగుల గోడకు ఉంది. స్పీకర్లు ఆ గోడ నుంచి అడుగు ఇవతల ఉన్నాయి. చూసేవారి తల గోడ నుంచి 9 అడుగుల దూరంలో, అంటే స్పీకర్ల వరస నుంచి 8 అడుగుల్లో ఉంది. వెనక 5 అడుగులు మిగిలాయి.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం బీఎస్.775 అనే సిఫారసులో ముందు స్పీకర్లు రెండూ నడిమి గీతకు (చూసేవారి నుంచి తెర మధ్యకు గీసిన గీత) చెరో 30 డిగ్రీల్లో, సరౌండ్లు 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలని ఉంది. డాల్బీ సూచన ముందువాటికి 22 నుంచి 30, సరౌండ్లకు 110 నుంచి 120. 30 డిగ్రీలు అంటే మన గదిలో మధ్యనుంచి ఇటు 4.6 అడుగులు, అటు 4.6 అడుగులు. రెండు స్పీకర్ల మధ్య 9.2 అడుగులు. 12 అడుగుల గోడలో ఇమిడిపోయి, పక్క గోడకు ఇంకా అడుగున్నర దాకా మిగులుతుంది.

ఇక సరౌండ్లు. 90 డిగ్రీలు అంటే సరిగ్గా చెవి పక్కన. 110 డిగ్రీలు అంటే దానికి కాస్త వెనక. పక్క గోడ మీది స్పీకర్ మనకు 5.5 అడుగుల దూరంలో ఉంటే, చెవి వరస నుంచి 2 అడుగులు వెనక్కి జరగాలి. వెనక 5 అడుగులు ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు.

దూరాలన్నీ సమానంగా లేవు, చూడండి. సెంటర్ 8 అడుగుల్లో, ముందు ఎడమ కుడి 9.2 అడుగుల్లో, సరౌండ్ 5.9 అడుగుల్లో ఉన్నాయి. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. సరౌండ్ శబ్దం ముందు స్పీకర్ శబ్దం కన్నా 3 మిల్లీసెకన్లు ముందే చేరుతుంది, 4 డెసిబెల్స్ గట్టిగా కూడా వినిపిస్తుంది. దీన్ని సరిచేయడానికే రిసీవర్‌తో మైకు ఇస్తారు. డెనాన్, మరాంట్జ్‌లో ఆడిసీ, యమహాలో వైపీఏఓ అని పేర్లు ఉన్నాయి. ఆ మైకు కొలతతో దగ్గరి స్పీకర్‌ని కాస్త ఆలస్యంగా, తక్కువ శబ్దంతో మోగిస్తారు. దూరం తప్పు, శబ్ద స్థాయి తప్పు ఇలా దిద్దుకుంటాయి. కోణం తప్పును మాత్రం ఏ మైకూ దిద్దలేదు.

సోఫా వెనక గోడకు ఆనితే

మన ఇళ్లలో సోఫా గోడకు ఆని ఉండటమే ఎక్కువ. నడిచే దారి కోసం, నిండుగా కనిపించడం కోసం అలా వేస్తారు. అదే గదిలో సోఫాను వెనక్కి జరిపితే తల గోడకు అడుగు దూరంలో ఉంటుంది. సరౌండ్లు 2 అడుగులు వెనక్కి పోవడానికి చోటే లేదు. అవి చెవి పక్కన 90 డిగ్రీల్లోనో, కొంచెం వెనకనో ఆగిపోతాయి. 5.1 వరకు ఇది నడుస్తుంది. పక్కనుంచి శబ్దం చుట్టిన అనుభూతి ఉంటుంది, వెనకనుంచి వచ్చే శబ్దం పలచబడుతుంది.

7.1కి వెనక స్పీకర్లు 135 నుంచి 150 డిగ్రీల మధ్య ఉండాలని డాల్బీ సూచన. వెనక 5 అడుగులున్న మొదటి అమరికలో వెనక గోడ మీద రెండింటినీ 7.5 అడుగుల ఎడంగా పెడితే కోణం సుమారు 140 వస్తుంది. సోఫా గోడకు ఆనిన అమరికలో వాటిని తల వెనక అడుగులో పెట్టాలి. ఒకటి ఎడమ చెవిలో అరుస్తుంది, రెండోది కుడి చెవిలో. అక్కడ 7.1 కొన్న డబ్బు అనుభూతిని పెంచకపోగా చెడగొడుతుంది.

7.1, 5.1.2 రెండింటికీ ఏడు ఆంప్లిఫయర్ ఛానెళ్లే చాలు. ఒకే రిసీవర్‌తో ఏది కావాలంటే అది చేసుకోవచ్చు కాబట్టే ఈ చర్చ తెగదు. వెనక జాగా ఉన్నవారు 7.1 వైపు మొగ్గడానికి కారణం ఉంది: చెవి ఎత్తులో ముందునుంచి వెనక్కి పోయే శబ్దాలు తెగకుండా సాగుతాయి, పాత 5.1 సినిమాలనూ రిసీవర్ ఏడింటికీ పరుస్తుంది. సోఫా గోడకు ఆనిన ఇంట్లో 5.1.2 మెరుగు. తల పైన స్పీకర్లకు వెనక జాగా అక్కర్లేదు.

పైనుంచి రావాల్సిన శబ్దం

మన గదిలో కూర్చున్నవారి చెవి నేల నుంచి 3.25 అడుగుల ఎత్తున ఉంటుందనుకుంటే, 10 అడుగుల శ్లాబ్‌కు మధ్య 6.75 అడుగులు. రెండు పైస్పీకర్లే అయితే తలకు నేరుగా పైన, కొంచెం ముందుకు. నాలుగైతే, ఎదుటి నుంచి తల మీదుగా వెనక్కి లెక్కపెట్టే కోణంలో ముందు జత 45 డిగ్రీల్లో ఉండాలి, అంటే తలకు 6.75 అడుగుల ముందు. వెనక జత అంతే దూరం వెనక ఉండాలి గానీ మన దగ్గర 5 అడుగులే ఉన్నాయి. వెనక గోడ అంచునే బిగిస్తే కోణం 126 డిగ్రీలు వస్తుంది. డాల్బీ చెప్పిన 125 నుంచి 150 హద్దులో అతికష్టం మీద పడినట్టే. సోఫా గోడకు ఆనితే నాలుగు పైస్పీకర్ల గురించి ఆలోచించే పనే లేదు, రెండుతో ఆగిపోతుంది.

పైస్పీకర్లు పెట్టడానికి మూడు దారులున్నాయి. ఫాల్స్ సీలింగ్‌లో గుండ్రటి స్పీకర్లు దించడం కంటికి ఇంపుగా ఉంటుంది, శబ్దం నిజంగా పైనుంచే వస్తుంది. శ్లాబ్‌కే బ్రాకెట్ బిగించి చిన్న స్పీకర్ వేలాడదీయడం చూపుకు మోటుగా ఉంటుంది గానీ కిందికి గురిపెట్టే వీలుంది. మూడోది, ముందు స్పీకర్ల మీద కూర్చుని పైకి మోగే రకం. శబ్దం పైకప్పుకు తగిలి మన మీద పడుతుంది. దీనికి చదునుగా, గట్టిగా, 7.5 నుంచి 12 అడుగుల ఎత్తున్న పైకప్పు కావాలంటారు. కాంక్రీటు శ్లాబ్‌కు ఈ గుణాలన్నీ ఉన్నాయి. అంటే ఏ అలంకారమూ లేని మామూలు ఫ్లాట్‌కు ఈ రకం చక్కగా పనికొస్తుంది. పీఓపీతో మెట్లు మెట్లుగా డిజైన్ చేయించిన చోట, దూలం అడ్డొచ్చిన చోట, సరిగ్గా శబ్దం తగిలే చోట ఫ్యాన్ ఉన్నప్పుడు ఆ తిరుగు శబ్దం చెదిరిపోతుంది.

సరౌండ్ల ఎత్తు మీద కూడా భిన్నాభిప్రాయాలున్నాయి. అట్మాస్‌కు ముందు వాటిని చెవి కన్నా రెండడుగులు పైన బిగించేవారు. పైన వేరే స్పీకర్లు వచ్చాక కిందివి చెవి ఎత్తుకు దిగితేనే రెండు పొరల తేడా తెలుస్తుందని ఇప్పటి వాదన. అయితే సోఫాలో ముగ్గురు కూర్చుంటే అంచున ఉన్నవారి తల మిగతావారికి అడ్డొస్తుంది. అందుకే చాలామంది తలలు దాటేంత ఎత్తులో రాజీపడతారు. ఆ రాజీ నాకు సబబుగానే కనిపిస్తుంది.

బేస్ విషయంలో గదిదే పెత్తనం

40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు 8.6 మీటర్లు, అంటే 28 అడుగులు. మన 14 అడుగుల గదికి సరిగ్గా రెట్టింపు. అలాంటి తరంగం ఎదురెదురు గోడల మధ్య తిరిగి తిరిగి తనతో తానే కలిసి, గోడల దగ్గర ఉబ్బి, గది నడుమ మాయమవుతుంది. 14 అడుగుల పొడవు 40 హెర్ట్జ్ దగ్గర, 12 అడుగుల వెడల్పు 47 దగ్గర, 10 అడుగుల ఎత్తు 56 దగ్గర ఇలా మోగుతాయి. గది 12 అడుగుల చతురస్రమైతే రెండు 47లు ఒకదానిమీద ఒకటి పడి ఆ ఒక్క స్వరమే హోరెత్తుతుంది.

సోఫా గోడకు ఆనితే ఈ ఉబ్బులన్నీ చెవి దగ్గరే. బేస్ బాగా ఉందనిపిస్తుంది గానీ ప్రతి దెబ్బా ఒకేలా గుమ్మని మోగుతుంది. గది సరిగ్గా నడుమ, 7 అడుగుల దగ్గర కూర్చుంటే 40 హెర్ట్జ్ దాదాపు వినపడదు. మనం మొదట అనుకున్న 9 అడుగుల చోటు ఈ రెంటికీ మధ్యన ఉంది, ఆ చోటు ఎంచడానికి కారణం ఇదే. మైకు పెట్టి చేసే కరెక్షన్ ఉబ్బును అణచగలదు. మాయమైన చోట ఎంత పవర్ పోసినా తరంగాలు అంతే బలంగా కొట్టేసుకుంటాయి, కాబట్టి గోతిని పూడ్చలేదు.

ఒక పెద్ద సబ్‌వూఫరా, రెండు చిన్నవా అన్న ప్రశ్నకు జవాబు ఇందులోంచే వస్తుంది. రెండింటిని ఎదురెదురు గోడల నడిమిన పెడితే కొన్ని ఉబ్బులు ఒకదాన్నొకటి చంపుకుంటాయని హార్మన్ సంస్థ పరిశోధకుడు టాడ్ వెల్టీ 2002లో చూపించారు. ఒక్కరే కూర్చుని చూసే గదికి, చోటు వెతికి పెట్టిన ఒక మంచి సబ్‌వూఫర్ చాలు. సోఫాలో ప్రతి సీటుకూ ఒకేలాంటి బేస్ అందాలంటే రెండు ఉండాలి.

వాట్ల అంకెలు ఎంతవరకు నిజం

మన మార్కెట్లో పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) పేరిట వేల వాట్లు రాసిన డబ్బాలు చాలాకాలం నడిచాయి. ఆ అంకెకు అందరూ ఒప్పుకున్న కొలమానం లేదు. ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల శక్తి) అని రాసినది కొంత నమ్మదగినది. అందులోనూ ఒక్క ఛానెల్ మాత్రమే నడిపి చెప్పిన వాట్లు, ఏడూ ఒకేసారి నడిస్తే రావు.

స్పీకర్ సామర్థ్యం ఒక వాటుకు, ఒక మీటరు దూరంలో 88 డెసిబెల్స్ అనుకుందాం. మన గదిలో ముందు స్పీకర్ 2.8 మీటర్లలో ఉంది, అక్కడికి చేరేసరికి 79. వాట్లు పది రెట్లైతే 10 డెసిబెల్స్ పెరుగుతాయి. 10 వాట్లకు 89, 100 వాట్లకు 99. గోడల ప్రతిఫలనాలు ఇంకొంచెం కలుపుతాయి. థియేటర్ ప్రమాణంలో ఒక్కో స్పీకర్ శిఖర స్థాయి 105. అది అందుకోవాలంటే ఈ లెక్కన 400 వాట్లు కావాలి. ఇంట్లో అంత గట్టిగా వినేవారు అరుదు. దానికి 15 డెసిబెల్స్ తగ్గించి వింటే శిఖరానికి 13 వాట్లు చాలు.

సౌండ్‌బార్ ఎక్కడ గెలుస్తుంది, ఎక్కడ ఓడుతుంది

తీగల బాధ లేదు, చోటు తినదు, అద్దె ఇంటికి అనువు. టీవీ స్పీకర్లతో పోలిస్తే మాటలు ఎంతో స్పష్టం. ఇదంతా నిజమే. వెనక స్పీకర్లు లేని సౌండ్‌బార్ సరౌండ్ భ్రమ కల్పించేది మాత్రం ఎక్కువగా పక్క గోడలకు శబ్దాన్ని కొట్టి వెనక్కి రప్పించడం ద్వారా. మన ఫ్లాట్లలో హాలుకు ఒకవైపు గోడ, ఇంకోవైపు డైనింగ్‌లోకి తెరిచిన ఖాళీ ఉండటం మామూలు. గోడ ఉన్న వైపునుంచి శబ్దం తిరిగొస్తుంది, ఖాళీ వైపు వెళ్లినది వంటింట్లో తేలుతుంది. అలాంటి హాలులో వెనక పెట్టే రెండు చిన్న వైర్‌లెస్ స్పీకర్లున్న సెట్టుకీ, లేనిదానికీ తేడా ధరల తేడాను మించి ఉంటుంది. వైర్‌లెస్ అన్నా ఆ రెండింటికీ కరెంటు ప్లగ్గు కావాలి.

పలకల నేల, పక్కింటి గోడ

టైల్స్ నేల, అద్దాల తలుపు, ఖాళీ గోడలు ఉన్న గదిలో చప్పట్లు కొడితే టింగుమని తిరిగొస్తుంది. డైలాగులు మసకబారడానికి సెంటర్ స్పీకర్ తర్వాత పెద్ద కారణం ఇదే. కార్పెట్, మందపాటి పరదాలు, గుడ్డ సోఫా ఈ సన్నని, హెచ్చు స్వరం శబ్దాలను పీల్చుకుంటాయి, బేస్‌ని తాకను కూడా తాకవు. గోడకు కోడిగుడ్ల అట్టలు అంటించడం వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. ఇదంతా గది లోపల శబ్దం బాగుండటానికి. పక్కింటికి వినపడకుండా చేయడం పూర్తిగా వేరే పని: బరువైన గోడలు, సందులు లేని తలుపులు, ఒకదానికొకటి అంటుకోని రెండు పొరలు కావాలి. ఫోమ్ ముక్కలు అంటించి కింది ఫ్లాట్‌కు బేస్ వెళ్లదనుకోవడం ఎంతో ఖర్చు వృథా చేయిస్తోంది. శ్లాబ్‌లోంచి బేస్ పోతూనే ఉంటుంది.

తీగలకు దారి

ఇళ్ల వైరింగ్‌లో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 0.012 ఓమ్ నిరోధం ఉంటుంది. రిసీవర్ నుంచి సరౌండ్‌కు గోడ వెంట 10 మీటర్లంటే పోయి రావడానికి 20 మీటర్లు, మొత్తం 0.24 ఓమ్. 8 ఓమ్ స్పీకర్‌కు 5 శాతం, అంటే 0.4 ఓమ్ వరకు చెవికి తేడా తెలియదన్నది వాడుకలో ఉన్న హద్దు. కాబట్టి 1.5 చాలు. 4 ఓమ్ స్పీకర్ అయితే హద్దు 0.2కి దిగుతుంది, అప్పుడు 0.15 ఓమ్ వచ్చే 2.5 సైజు తీగ కావాలి. ఇంతకుమించి తీగ మీద పెట్టే డబ్బుకు వినిపించే ఫలితం లేదు.

కొత్తగా కడుతున్న ఇంట్లో అసలు ఖర్చు తీగది కాదు, దాని దారిది. శ్లాబ్ పోసే రోజుకు ముందే టీవీ గోడ నుంచి వెనక గోడకు, పైస్పీకర్ల చోటికి ఖాళీ పైపులు, టీవీ నుంచి రిసీవర్‌కు హెచ్‌డీఎంఐ తల పట్టేంత లావు పైపు వేసి ఉంచితే అయ్యే ఖర్చు కొద్దిపాటిదే. కరెంటు తీగలున్న పైపులో స్పీకర్ తీగలు కలిపి లాగకూడదు కాబట్టి ఇవి వేరుగా ఉండాలి. ప్లాస్టరింగ్, పెయింటు అయ్యాక అదే పనికి గోడలు కోయాలి, మళ్లీ పూత పూయాలి. అంత అయ్యాక సోఫా అడుగు ముందుకు జరిపితే బాగుంటుందని తెలిసినా, పైపు నోరు పాత చోటే ఉంటుంది. అందుకే స్పీకర్ల మోడళ్లు తేలకపోయినా, సోఫా ఎక్కడన్నది మాత్రం శ్లాబ్‌కు ముందే తేలాలి.